ఎడమ కన్ను మూసి చెప్పవలెను

నూకరత్నానికి భయపడటానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. పక్కవీధిలో అంబులెన్సు కూత వినిపిస్తే అది తన ఇంటికే వస్తోందని చేతులు కడుక్కుని గుమ్మంలో నిలబడుతుంది. భర్త గంగరాజు ఐసు ఫ్యాక్టరీ నుంచి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే, ఆ పది నిమిషాల్లోనే అతనికి లారీ గుద్దడం, ఆసుపత్రిలో చేర్చడం, పదకొండో రోజు భోజనాలు కూడా అయిపోతాయి. సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినపడగానే, అంతసేపూ ఏడిపించినందుకు అతని మీదే కేకలేస్తుంది. చదివింది ఏడో తరగతి. పేపర్లో ప్రమాదవార్తలు చదువుకోవడానికి ఆ చదువు బాగానే సరిపోతోంది.

ఇరవై ఏళ్లుగా రాని ఆపదలకి భయపడటం అలవాటైన మనిషి, నిజం ఆపద ఇంట్లోకొచ్చి కూర్చున్నప్పుడు మాత్రం గుర్తుపట్టలేదు. ఎందుకంటే అది కూత వేసుకుంటూ రాలేదు.

కూతురు లోవకుమారి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. అది ఇంట్లో ఉంటే టీవీ పెట్టక్కర్లేదు, ఊళ్ళో సంగతులన్నీ అదే చెబుతుంది, ఎవరెవరు ఎలా మాట్లాడారో గొంతు మార్చి మరీ చెబుతుంది. అలాంటి పిల్ల శ్రావణమాసంలో మాటలు తగ్గించింది. వినాయకచవితి తర్వాత కాలేజీ మానేసింది. దసరా వచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకోవడం తప్ప ఇంకో పని లేదు. జడ వేస్తానే అంటే "ఎందుకమ్మా" అంటుంది. నాలుగు మెతుకులు తినవే అంటే "ఎందుకమ్మా" అంటుంది. విసుక్కోదు, ఏడవదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నట్టే అడుగుతుంది. ఓ రోజు నూకరత్నం పెరట్లో నూతి మీద ఇనపరేకు వేయించి, దానిమీదికి నలుగురు మనుషుల చేత రుబ్బురోలు ఎక్కించింది. అప్పటినుంచి నీళ్లు పక్కింటి నుంచే మోసుకొస్తోంది. ఎందుకని అడిగినవాళ్ళకి "పిల్లులు పడిపోతన్నాయండి" అని చెప్పింది.

దిష్టి తీసింది. తాయెత్తు కట్టింది. గంగరాజు చెల్లెలు ఫోనులో, పెళ్లి చేసేస్తే అన్నీ అవే సర్దుకుంటాయంది. గంగరాజు మాత్రం "పిచ్చాసుపత్రి గుమ్మం తొక్కిందని తెలిస్తే దాన్నెవడు చేసుకుంటాడే?" అన్నాడు. చేసుకోవడానికి ముందు పిల్ల ఉండాలి కదా అని నూకరత్నం నోటిదాకా వచ్చింది. ఆ మాట బయటికంటే నిజమైపోతుందేమోనని మింగేసింది.

ఒక గురువారం పొద్దున్న లోవే లేచి కూర్చుంది.

"అమ్మా, నాకు బాగోట్లేదే. మనసు డాక్టరుంటారంట కదా, అక్కడికి తీసుకెళ్ళు. ఇవాళ వస్తాను. రేపు రమ్మంటే రాలేనేమో."

నూకరత్నం బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆ పూటకి తోటి వంటావిడకి గరిటె అప్పగించి, ఆశా వర్కరు మరిడమ్మ ఇంటికి పరిగెత్తింది.

"మెల్లిగా అను వదినా," అంది మరిడమ్మ తలుపు గడియ పెట్టి. "గోడలకి చెవులుంటాయి. పెద్దాసుపత్రిలో ఉన్నారులే డాక్టరుగారు. కానీ తిన్నగా అడక్కూడదు. ఓపీ చీటీల కిటికీ దగ్గర కళ్ళజోడు కోసం వచ్చామని చెప్పు."

"కళ్ళజోడేంటే?"

"నిజం కళ్ళవాళ్ళు కూడా అదే చెబుతారు కదా, అందుకని నువ్వు కుడిచేత్తో ఎడమకన్ను మూసుకుని చెప్పాలి. అప్పుడు వాళ్ళకి అర్థమవుద్ది. మాకు రెండు రోజులు ట్రైనింగిచ్చారు దీనికి. భోజనం కూడా పెట్టారు."

కళ్ళజోడు దాకా ఎందుకు వచ్చిందో తెలియాలంటే కోటిలంక పెద్దాసుపత్రి చరిత్ర కొంచెం చెప్పుకోవాలి.

మూడేళ్ల క్రితం అక్కడ పదిహేడో నంబరు గదికి 'మానసిక వైద్య విభాగము' అని మూరెడేసి అక్షరాలతో బోర్డు పెట్టారు. ఆర్నెల్లు గడిచినా ఆ గుమ్మంలోకి పిల్లి తప్ప ఎవరూ రాలేదు. జిల్లాలో మనసు బాగాలేనివాళ్ళు లేక కాదు, ఆ బోర్డు కింద నిలబడితే ఎదురుగా టీకొట్టులో ఉన్నవాళ్ళందరికీ కనపడుతుందని. సంగతి పైకి తెలిసింది. పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సూపరింటెండెంటు డాక్టర్ పరబ్రహ్మంగారి అధ్యక్షతన 'రోగి గోప్యతా పరిరక్షణ మరియు లజ్జా నివారణ స్థాయీ సంఘము' ఏర్పడింది. అందులో పదకొండుమంది సభ్యులు. భవనాల ఇంజనీరు ఉన్నాడు, లాండ్రీ పర్యవేక్షకుడు ఉన్నాడు, శవాగారం గుమాస్తా కూడా ఉన్నాడు. మనసు డాక్టరు ఒక్కరే లేరు. సొంత విభాగం మీద ఎవరికైనా మమకారం ఉంటుంది కనక నిష్పాక్షికతకి భంగమని వారిని తప్పించారు.

సంఘంవారు ముందు జిల్లాలో ఇంటింటికీ ప్రశ్నపత్రం పంపారు. 'మీరు పిచ్చివారా? అవును లేక కాదు. అవును అయినచో ఇప్పటివరకు ఎందుకు చెప్పలేదు?' అన్నది అందులో మొదటి ప్రశ్న. అందరూ కాదనే రాశారు. దీన్నిబట్టి జనానికి జబ్బు లేదనీ, ఉన్నది సిగ్గేననీ, ఆ సిగ్గుకి మూలం బోర్డేననీ తేల్చి, బోర్డు పీకేశారు.

ముప్పైనాలుగు గదుల ఆసుపత్రిలో బోర్డు లేని గది అదొక్కటే అయింది. "బోర్డు లేని గదికెళ్తున్నాడ్రోయ్" అంటే ఊళ్ళో అందరికీ అర్థమైపోయింది. సంఘం మళ్ళీ సమావేశమై, ఒక విభాగాన్ని వేరుచేసి చూపడం సమానత్వానికి విరుద్ధమని, మిగతా ముప్పైమూడు బోర్డులూ పీకించింది. ఆ నెలలో నిండునెలలతో ఉన్న ఒకామెని పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమన్నారు. కుక్క కరిచినాయన మూడు రోజులు ఫిజియోథెరపీ చేయించుకున్నాడు. ఆ తర్వాత నంబర్లు కూడా చెరిపేశారు. ఆ తర్వాతే కళ్ళజోడు.

దానితో అసలు కళ్ళజబ్బువాళ్ళకి వచ్చింది చావు. కళ్ళజోడు కోసం వెళ్ళాడంటే ఊరు ఇంకోలా చూస్తోంది. పెళ్లికి ఎదిగిన పిల్లలున్నవాళ్ళు కళ్ళజోళ్ళు తీసి జేబులో పెట్టుకుని, తడుముకుంటూ తిరిగారు. సిగ్గు పోలేదు, గది మారిందంతే. ఆ మీదట జరిగిన ఎనిమిదో సమావేశంలో సంఘంవారు ఏం తీర్మానించారో మరిడమ్మకి తెలియదు. అది మరీ రహస్యమట.

తల్లీకూతుళ్ళు ఆసుపత్రికి చేరేసరికి తొమ్మిదిన్నర. ఆటోలో దారిపొడుగునా నూకరత్నం, తెలిసినవాళ్ళెవరైనా కనపడతారేమోనని కొంగు కప్పుకునే ఉంది. ఓపీ పన్నెండింటికి మూసేస్తారు. హాలు నిండా జనం. ఎదురుగోడ మీద పెద్ద ఫ్లెక్సీలో పదకొండుమంది సభ్యులు చేతులు జోడించి నవ్వుతున్నారు. దేనికి నవ్వుతున్నారో ఎక్కడా రాయలేదు. రాస్తే చదివినవాళ్ళకి సిగ్గేస్తుందని.

కిటికీలో గుమాస్తా భాస్కరం కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా గుంటలు పడి ఉన్నాయి. టీ మీద టీ తాగుతున్నాడు.

నూకరత్నం అటూ ఇటూ చూసి, కుడిచేత్తో ఎడమకన్ను మూసుకుంది.

"కళ్ళజోడు కోసం వచ్చామండి."

"ఎవరికి?"

"మా అమ్మాయికండి."

"మరి మీరు మూశారేంటి కన్ను?"

ఆవిడ కంగారుపడి తన కన్ను వదిలేసి కూతురి కన్ను మూసింది. లోవ మూయించుకుని నిలబడింది. ఎందుకమ్మా అని కూడా అడగలేదు.

భాస్కరం గొంతు తగ్గించాడు. "అమ్మా, అది నాలుగు నెలల కిందటి మాటండి. ఆ తర్వాత మార్చేశారు."

"కొత్త మాటేంటండి?"

"చెప్పకూడదండి. మీరడిగి నేను చెబితే, మీరెందుకొచ్చారో నాకు తెలిసిపోయినట్టు కదా! నాకు తెలియకూడదనే కదండి మార్చింది."

"మరి వచ్చినోళ్ళకి ఎలా తెలుస్తదండి?"

"నోటీసు అంటించామండి."

"ఎక్కడండి?"

"పదిహేడో నంబరు గది తలుపు మీద."

"ఆ గదెక్కడండి?"

"నంబర్లు తీసేశారు కదండి," అన్నాడు భాస్కరం. ఆ అన్న తీరు చూస్తే, రోజుకి నలభైసార్లు అంటున్నట్టుంది. ఓ చీటీ రాసిచ్చాడు. పేరున్న చోట 'ఒక వ్యక్తి' అనీ, వ్యాధి అన్న చోట 'వెల్లడించబడదు' అనీ ఉంది. "హాల్లో కూర్చోండమ్మా. దేవుడున్నాడు."

ప్రభుత్వాసుపత్రిలో గుమాస్తా దేవుడి పేరెత్తాడంటే ఇక అంతేననుకుంటూ నూకరత్నం కూతుర్ని బెంచీ వైపు నడిపించింది.

బెంచీ మీద ఒక పెద్దాయన, ఒకావిడ ఉన్నారు. ఆవిడకి నలభై ఏళ్ళుంటాయి. నేత చీర కట్టుకుంది, ఒళ్ళో ప్లాస్టిక్ వైరు బుట్ట పెట్టుకుంది. మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది గాని ఏ గదిలోకీ పోవట్లేదు. లోవకి చోటిచ్చి కాస్త జరిగింది.

పెద్దాయన దవడకి తువ్వాలు కట్టుకుని ఉన్నాడు. పేరు వెంకటరాయుడు.

"పన్నాండీ?" అంది నూకరత్నం, ఊరికే కూర్చోలేక.

"కన్నండి," అన్నాడాయన మెల్లిగా. "శుక్లాలు. రెండు కళ్ళూ మసకే."

"మరి దవడకి కట్టు..."

"కన్నంటే పరువుపోద్దని పన్నని చెప్పానండి. మొన్న ఓ పన్ను పీకారు. ఇవాళ రెండోది పీకారు. రెండూ శుభ్రంగా ఉన్న పళ్ళేనండి, డాక్టరుగారు కూడా మెచ్చుకున్నారు."

"అయ్యో, నిజం చెప్పెయ్యకపోయారా?"

"మా మనవరాలికి సంబంధాలు చూత్తన్నామమ్మా," అన్నాడాయన. "పళ్ళదేముంది, ఇంకా పంతొమ్మిదున్నాయి."

వైరుబుట్ట ఆవిడ ఇటు తిరిగి, లోవ మొహంలోకి చూసి, "నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగింది.

లోవ తలెత్తింది. నెల రోజుల్లో దాన్ని అలా నెమ్మదిగా అడిగినవాళ్ళు లేరు. ఏదో చెప్పబోయింది. ఈలోగా నూకరత్నానికి అనుమానమొచ్చింది. ఈవిడెవరో? ఏ వీధో? గంగరాజు వైపువాళ్ళేమో!

"బ్రహ్మాండంగా పడతందండి," అంది చటుక్కున. "పిలిచినా లెగదు. మేం కళ్ళజోడు కోసం వచ్చాం."

"ఆకలి?"

"అబ్బో! మూడుపూటలా!"

"మీకు?" అంది ఆవిడ. "మీకు పడుతోందా నిద్ర?"

"నాకేం? దుక్కలా ఉన్నాను. ఏంటండీ మీరు, ఊరూ పేరూ చెప్పకుండా ఆరాలు తీత్తన్నారు?"

ఆవిడ ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. మెట్ల వైపు చూసింది. నోరు మూసుకుంది. బుట్టలోంచి మంచినీళ్ళ సీసా తీసి లోవకిచ్చింది. లోవ రెండు గుక్కలు తాగింది. నూకరత్నం గబుక్కున పిల్లని తనవైపు లాక్కుని, ఇద్దరి మధ్యా తన చేతిసంచీ అడ్డం పెట్టింది.

పదకొండున్నర అయింది. ఎవరూ పిలవలేదు. లోవని పెద్దాయనకి అప్పగించి ("నాకు సరిగా కనపడదమ్మా." "కదిల్తే తెలుస్తది కదండి, చెయ్యి పట్టుకోండి."), నూకరత్నం తలుపులు తోసుకుంటూ బయల్దేరింది. మొదటి తలుపు తోస్తే బట్టలుతికే మిషన్లు. రెండోది తోస్తే ఎవరికో ఇంజెక్షను ఇస్తున్నారు, చూడకూడని చోట. "తలుపెయ్యవే!" అని అరిచాడు లోపలాయన. మెట్లెక్కి మూడోది తోస్తే చల్లగా ఏసీ. పెద్ద బల్ల వెనక డాక్టర్ పరబ్రహ్మంగారు నిలబడి, టైపిస్టుకి చెబుతున్నారు.

"...గత నాలుగు మాసములుగా మానసిక విభాగమునందు ఒక్క రోగి కూడా గుర్తింపబడకపోవుట మన సంఘము సాధించిన అపూర్వ విజయము, ఫుల్‌స్టాప్. గుర్తింపబడని రోగియే మన ధ్యేయము. గోప్యత నూటికి నూరు శాతము. కావున 'లజ్జారహిత ఆసుపత్రి' పురస్కారమునకు... ఎవరమ్మా నువ్వు?"

"బాబుగారూ, మనసు డాక్టరుగారు ఎక్కడుంటారండి?"

పరబ్రహ్మంగారు రెండు చెవులూ మూసుకున్నారు. టైపిస్టు కూడా మూసుకున్నాడు.

"అమ్మా! ఆ మాట మేము వినలేదు. నీవు అనలేదు. నిన్ను మేము చూడలేదు."

"చూడండి బాబూ, ఎదురుగానే ఉన్నాను."

"అదే వద్దంటున్నాను. నీ క్షేమం కోరే చెబుతున్నాను." ఆయన గొంతులో నిజంగానే దయ ఉంది. "రేపు నలుగురూ నీవంక వేలెత్తి చూపితే బాధ్యులెవరు? పన్నెండో నిబంధన ప్రకారం రోగి తానెందుకు వచ్చినదీ చెప్పరాదు. పదమూడు ప్రకారం సిబ్బంది అడగరాదు. పద్నాలుగు ప్రకారం వైద్యుడు తాను ఫలానా అని బయటపడరాదు. ఎనిమిదో సమావేశంలో గదిని కూడా రద్దు చేశాం. గది ఉంటే గుమ్మం ఉంటుంది, గుమ్మం ఉంటే దాటుతారు, దాటితే చూస్తారు. ఇంత కట్టుదిట్టం చేసింది ఎవరికోసం? నీ పరువు కోసం కాదూ?"

"నా పరువు నేను చూసుకుంటానండి. మీరు నా పిల్లని చూడండి."

"భావోద్వేగం వద్దమ్మా," అన్నారు పరబ్రహ్మంగారు. "విజ్ఞాపన ఏదైనా ఉంటే పేరు, ఊరు, విషయం రాయకుండా పెట్టెలో వెయ్యి. తప్పక పరిశీలిస్తాం."

కిందికి దిగి వచ్చేసరికి లోవ బెంచీ మీంచి లేచి నిలబడి ఉంది. పెద్దాయన దాని చెయ్యి వదల్లేదు.

"ఇంటికెళ్ళిపోదామే అమ్మా," అంది లోవ. "ఇక్కడెవరూ లేరు. పర్లేదులే."

ఆ 'పర్లేదులే' అన్నది ఎంత తేలిగ్గా అందంటే, నూకరత్నానికి పెరట్లో నుయ్యి కనపడింది. రేకు కనపడింది. దానిమీద రుబ్బురోలు కనపడింది. నలుగురు ఎత్తిన రోలు కదా అని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉంది. ఊళ్ళో నుయ్యి అదొక్కటేనా అని ఇప్పుడు తట్టింది. ఎన్నింటి మీదని రోళ్ళెత్తిస్తుంది? రేపు రమ్మంటే రాలేనేమో అంది పిల్ల. పన్నెండుకి ఇంకా ఏడు నిమిషాలున్నాయి.

ఇరవై ఏళ్లుగా ఆవిడ అన్నింటికీ భయపడింది. ఇంకా భయపడటానికి ఏమీ మిగల్లేదేమో, హాలు మధ్యకి వచ్చి నిలబడింది. అది రెండు వందలమంది పిల్లల్ని ఆటల్లోంచి కంచాల దగ్గరికి పిలిచే గొంతు. మైకు అక్కర్లేదు.

"అయ్యా! అమ్మా! నా పేరు నూకరత్నం! ఊరు పెదచెరువు! మాది కళ్ళజబ్బు కాదు! నా కూతురికి మనసు బాగాలేదు! ముద్ద దిగట్లేదు, నిద్ర లేదు, బతకాలని లేదు! ఇక్కడ మనసు డాక్టరంటూ ఉంటే రండి! ఎవరు చూత్తారో చూసుకోండి!"

హాలు హాలంతా ఇటు తిరిగింది. ఎక్కడో బట్టల మిషను తిరుగుతోంది. నూకరత్నం కళ్ళు మూసుకుంది, ఇప్పుడు జనం నవ్వుతారని. నవ్వలేదు.

"నేనేనమ్మా," అన్నారెవరో.

వైరుబుట్ట ఆవిడ లేచి నిలబడింది.

"నా పేరు డాక్టర్ హైమ. మనసు డాక్టర్ని నేనే. గది తీసేసి, రోగుల మధ్యలోనే రోగిలాగా కూర్చోమన్నారు నన్ను. ఎవరినీ అడక్కూడదు, ఎవరికీ చెప్పకూడదు. నాలుగు నెలలుగా ఈ బెంచీ మీదే ఉన్నాను. నిద్ర పడుతోందా అని మాత్రం అడుగుతుంటాను. అది వాతావరణం గురించి అడిగినట్టే కదా అని. అందరూ బ్రహ్మాండంగా పడుతోందనే చెబుతారు."

నూకరత్నం తలొంచుకుంది. మధ్యలో తను పెట్టిన సంచీ బెంచీ మీద అలాగే ఉంది. వెళ్ళి దాన్ని తీసి కింద పెట్టింది.

"డాక్టర్!" మెట్ల మీంచి పరబ్రహ్మంగారి కేక. "మీరు బయటపడ్డారు! పద్నాలుగో నిబంధన!"

"అవునండి," అన్నారు హైమగారు. "నాకు ప్రాణం లేచొచ్చినట్టుంది." అని లోవ పక్కన కూర్చున్నారు. "ఇందాక ఏదో చెప్పబోయావు. చెప్పమ్మా."

లోవ తల్లివంక చూసింది. తర్వాత డాక్టరువంక తిరిగి మెల్లిగా మొదలుపెట్టింది. ఏం చెప్పిందో నూకరత్నానికి వినపడలేదు. వినాలని ప్రాణం కొట్టుకున్నా, నాలుగడుగులు దూరం జరిగి నిలబడింది. మూడు నెలల్లో పిల్ల అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు.

ఈలోగా వెంకటరాయుడుగారు తువ్వాలు ఊడదీసి గట్టిగా అరిచారు. "నాక్కన్నండి! మనసు కాదు, కన్నే! మనసైనా చెబుదును! కళ్ళ డాక్టరెవరో వచ్చి నన్ను తీసుకెళ్ళండి బాబూ, పళ్ళయిపోతన్నాయి!"

ఎవరో నవ్వారు. చంకలో బిడ్డతో ఉన్న ఒక పడుచుపిల్ల వచ్చి నూకరత్నం వెనక నిలబడింది. "కాన్పయిన కాడి నుంచి ఊరికే ఏడుపొత్తందండి. అదీ చూత్తారా?" అంది. ఆమె వెనక హోంగార్డొకడు వచ్చాడు. అతని వెనక ఇంకొకరు. కాసేపటికి కిటికీలోంచి భాస్కరం బయటికి వచ్చి, 'భోజన విరామం' అన్న అట్ట తగిలించి, వరసలో చివర నిలబడ్డాడు.

"నువ్వు కూడానా భాస్కరం?" అన్నారు పరబ్రహ్మంగారు దిగులుగా.

"ఏ గదెక్కడో చెప్పలేక ఏణ్ణర్ధం నుంచి నిద్ర లేదండి," అన్నాడు భాస్కరం.

మర్నాడే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. జిల్లాలో ముప్పైఒక్కమంది ఒకేరోజు బహిరంగంగా సిగ్గు విడిచినారనీ, ఇట్లే కొనసాగినచో నివారించుటకు సిగ్గే మిగలక సంఘము యొక్క ఉనికి ప్రశ్నార్థకము కాగలదనీ తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది. డాక్టరుకి సంజాయిషీ నోటీసు ఇచ్చారు. దాన్ని గోప్యంగా ఇవ్వాలి కనక పేరు రాయలేదు. పేరు లేదు కనక అది ఎవరికీ చేరలేదు.

నూకరత్నం ఇంటికెళ్ళాక గంగరాజు రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు సైకిలు మీద వెళ్ళి మందులు తనే తెచ్చాడు. వీధిలోవాళ్ళు వారంపాటు గుసగుసలాడుకున్నారు. ఆ తర్వాత ఒకరొకరుగా పెరటి గుమ్మంలోంచి వచ్చి, "ఆ డాక్టరమ్మ ఏ బెంచీ మీద కూర్చుంటారు వదినా?" అని అడిగి వెళ్ళారు. నూతి మీద రుబ్బురోలు అలాగే ఉంది. డాక్టరమ్మ కూడా ఇంకొన్నాళ్ళు ఉంచమనే చెప్పారు. ఒక్కరోజులో అయ్యే పని కాదట.

తర్వాతి గురువారం తల్లీకూతుళ్ళు మళ్ళీ కిటికీ దగ్గర నిలబడ్డారు. బోర్డులు ఇంకా రాలేదు, ఫైలు నడుస్తోందట. లోవకి జడ వేసి ఉంది. సగంలో ఆపేసింది గాని, తనే వేసుకుంది.

"దేనికమ్మా?" అన్నాడు భాస్కరం. ఇదివరకు అడగడం నేరం. ఇప్పుడు హాలంతా వినపడేలా అడుగుతున్నాడు.

"మనసుకండి."

"ఒక చీటీయేనా?"

నూకరత్నం వెనక్కి తిరిగి చూసింది. బెంచీ మీంచి హైమగారు ఇటే చూస్తున్నారు. క్రితం వారం ఆవిడ అడిగిన ప్రశ్నల్లో ఒకదానికి నిజమైన జవాబు బాకీ ఉండిపోయింది. గుమ్మంలో సైకిలు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్న ఇరవై ఏళ్ళూ గుర్తొచ్చాయి.

"రెండు రాయండి బాబూ," అంది. "ఒకటి అమ్మాయికి. ఒకటి నాకు. నాకసలు నిద్రే పట్టదు."